మాల్యాద్రి తేలిక చేసిన స్టీరింగు

మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మొదట్లో ఒక రేకుల షెడ్డుంది. బోర్డు లేదు. బోర్డెందుకు, పేరు చెబితే చంటిపిల్లలు కూడా చూపిస్తారంటాడు మాల్యాద్రి. ఆ మాటలో సగం గొప్ప, సగం నిజం. స్టీరింగు బిగుసుకుపోయిన ట్రాక్టరు గానీ, పలకల లోడు మోసి మోసి ఒక పక్కకు లాగే లారీ గానీ చుట్టుపక్కల మండలాల్లో ఎక్కడున్నా చివరికి అతని దగ్గరికి రావాల్సిందే. ఏ బండి తెచ్చినా అతను ముందు "ఐతాది" అంటాడు. ఎలా అవుతుందో తర్వాత ఆలోచిస్తాడు. భార్య శ్రీశైలమ్మకు మొగుడిలో నచ్చనిది ఇదొక్కటే కాదు గానీ, రోజూ ఎత్తిచూపేది మాత్రం ఇదే. ఆ "ఐతాది" నిరుడు అతన్ని బాగానే ఇరికించింది.

బజార్లో స్టీలు సామాన్ల దుకాణం కన్యకాపరమేశ్వరిది. అరవై రెండేళ్ల మనిషి. ఆమెకో ఎర్ర స్పోర్ట్స్ కారుంది. రెండే సీట్లు, మడిచేసుకునే గుడ్డ టాపు, నేలకు జానెడెత్తులో కూర్చోవడం. ఇంగ్లండులో పుట్టి, మద్రాసులో ఎవరో దొర దగ్గర కొన్నాళ్లుండి, పలకల ఎగుమతి జోరుగా నడిచిన రోజుల్లో ఆమె మామగారి చేతికొచ్చింది. ఆయన మోజుపడి కొన్నాడే గానీ నడపడం అబ్బలేదు. ఆమె భర్త చంద్రశేఖరరావుకు ఆ కారంటే భయం. నలభయ్యేళ్లలో రెండుసార్లు ఎక్కి, రెండుసార్లూ గిద్దలూరు దాకా కళ్లు మూసుకునే కూర్చున్నాడు. నేర్చుకున్నది కోడలే. దుకాణం సెలవు రోజున తలకు గుడ్డ కట్టుకుని ఒక్కతే కంభం దాకా పోయి వచ్చేది. ఎందుకు పోతుందో ఎవరికీ చెప్పేది కాదు. చెప్పడానికి ఏమీ లేదు కూడా, ఆమెకు అది ఇష్టం, అంతే.

అలాంటిది ఆమె కుడి భుజం పట్టేసింది. కారు ఆగి ఉన్నప్పుడు ఆ స్టీరింగు తిప్పాలంటే పిండి రుబ్బినంత పని. డాక్టరు కారు ముట్టుకోవద్దన్నాడు. కొడుకు శరత్‌చంద్ర డ్రైవరును పెడతానన్నాడు. లేదంటే హైదరాబాదులో కొనేవాళ్లున్నారు, నెలాఖరుకు వచ్చి తీసుకుపోతారన్నాడు. అతనేమీ చెడ్డవాడు కాదు, తల్లి రాత్రుళ్లు మూలగడం వినలేక అన్నాడు. డ్రైవరు పక్కన కూర్చునేదానికైతే తనకు బస్సు చాలని ఆమె తెగేసి చెప్పింది. మర్నాడే కారు మాల్యాద్రి షెడ్డు ముందు ఆగింది.

"కొత్త కార్లకు ఉంటాదంట కదా, కరెంటు స్టీరింగు. దీనికి పెట్టేదానికి ఐతాదా?" అని అడిగింది ఆమె.

మాల్యాద్రి ఏమన్నాడో వేరే చెప్పాలా!

ఆ తర్వాత ఇరవై రోజులు అతను తిండి తిన్నాడో లేదో అతనికే తెలియదు. విజయవాడ పోయి, గుద్దుకుని తుక్కుకొచ్చిన ఒక చిన్న కారు నుంచి స్టీరింగు మోటారు విప్పించుకొచ్చాడు. ఎర్రకారు స్టీరింగు రాడ్డును కోసే ముందు మూడుసార్లు కొలుచుకున్నాడు, అది పాడైతే మళ్లీ దొరికేది కాదు. లేతు మిషను కోటయ్యను బతిమాలి అతుకు ముక్కలు చేయించి, మోటారును డాష్‌బోర్డు కింద కంటికి కనబడకుండా బిగించాడు. పాత డైనమోకు అంత కరెంటిచ్చే సత్తా లేదని దాన్నీ మార్చాడు.

ఇంకో చిక్కు మిగిలింది. కొత్త కార్లలో బండి ఎంత వేగంలో ఉందో మోటారుకు తెలుస్తుంది. మెల్లగా పోతే ఎక్కువ సాయం చేస్తుంది, జోరుగా పోతే తగ్గిస్తుంది. ఈ ముసలి కారుకు ఆ తెలివి లేదు. అందుకని ఫ్యాను రెగ్యులేటరు లాంటి దాన్ని ఒకటి కొరియర్లో తెప్పించాడు. దాన్ని ఎంత తిప్పితే స్టీరింగు అంత తేలిక. ముప్పయ్యేళ్లుగా మాల్యాద్రి దగ్గరికి వచ్చినవాళ్లంతా అడిగింది ఒకటే, లైటుగా ఉండాల, ఇంకొంచెం లైటుగా ఉండాల అని. అతని లెక్కలో మంచి స్టీరింగంటే తేలికైన స్టీరింగే. రెగ్యులేటరును చివరికంటా తిప్పి, లోపల పెట్టి స్క్రూలు బిగించేశాడు.

కారు అప్పగించే రోజు కన్యకాపరమేశ్వరి చిటికెన వేలితో స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పింది. టీ బంకు దగ్గర జనం నోళ్లు వెళ్లబెట్టారు. శరత్‌చంద్ర వీడియో తీశాడు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. మాల్యాద్రి ఉబ్బితబ్బిబ్బై పక్క సీట్లో ఎక్కాడు.

ఊరు దాటేదాకా అంతా బాగానే ఉంది. బండి అరవై అందుకునేసరికి ఆమె మాటలు ఆగిపోయాయి. కారు కుదురుగా పోవడం లేదు, పిసరంత తిప్పితే బారెడు తిరుగుతోంది. అంతలో తుమ్మచెట్ల చాటు నుంచి గొర్రెల మంద రోడ్డెక్కింది. ఆమె నలభయ్యేళ్ల అలవాటు కొద్దీ, ఆ పాత బరువు లెక్కన, గట్టిగా లాగింది. ఎర్రకారు రోడ్డు దిగి కందిచేలోకి దూసుకుపోయి ఆగింది. గొర్రెలకు ఏమీ కాలేదు. మనుషులకూ ఏమీ కాలేదు, కాకపోతే మాల్యాద్రి ఒళ్లో ఒక కందిమొక్క వేళ్లతో సహా వచ్చి పడింది.

ఆమె ఇంజను ఆపింది. తర్వాత తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

"లైటు చేసినావు, కాదనను. కానీ నా చేతికి రోడ్డు తెలవట్లేదు మాల్యాద్రీ. ఇది నా కారు కాదు. శరత్తుకు చెప్తాలే, ఆ హైదరాబాదు వాళ్లను రమ్మని."

నాలుగు తిట్టి ఉన్నా బాగుండేదనిపించింది మాల్యాద్రికి. ముప్పయ్యేళ్లలో మొదటిసారి అతనికి తన పని మీద సిగ్గేసింది.

శ్రీశైలమ్మ పలకల ఫ్యాక్టరీలో రాయిని పొరలు పొరలుగా విడదీసే పని చేస్తుంది. సాయంత్రం ఆమె ఇంటికి రాగానే అతను జరిగిందంతా చెప్పుకున్నాడు. ఆమె జాలిపడలేదు, తన సంచిలోంచి చేతి గ్లౌజులు తీసి అతని ముందు పడేసింది. వాటికి వేళ్ల కొసలు లేవు.

"చేతులు తెగుతా ఉండాయని ఇచ్చినారు ఇవి. మొదటి దినం వేసుకున్నోళ్లమంతా పలకలు పగలగొట్టినాము. ఉలి ఎక్కడ ఆపాలో రాయే చెప్తాది, వేలికి. అందుకే కొసలు కత్తిరించినా. ఆ యమ్మకు నువ్వు చెయ్యంతా కప్పేసినావు."

"అయితే ఎంత కత్తిరించాల?"

"అది నీకెట్ల తెలుస్తాదయ్యా? ఎవరి చెయ్యి వాళ్లకే తెలుసు" అంది శ్రీశైలమ్మ, పొయ్యి వెలిగిస్తూ.

పొద్దున్నే మాల్యాద్రి స్క్రూలు విప్పాడు. రెగ్యులేటరును బయటికి తెచ్చి, డాష్‌బోర్డు మీద ఆమె ఎడమచేతికి అందేచోట బిగించాడు. నేరుగా దుకాణానికి పోయి, గిన్నెల బేరం మధ్యలో నిలబడి, ఇంకొక్కసారి రమ్మన్నాడు. ఆమె రానంది. అతను కదలలేదు. బేరానికొచ్చినవాళ్లు విసుక్కున్నా కదలలేదు. చివరికి ఆ పోరు పడలేక ఆమె గల్లాపెట్టె మూసి లేచింది.

బజారు సందుల్లో ఆమె రెగ్యులేటరును పూర్తిగా తిప్పి ఉంచుకుంది. ఊరు దాటాక కొంచెం తగ్గించింది. స్పీడు పెరిగేకొద్దీ ఇంకొంచెం, మళ్లీ ఇంకొంచెం తగ్గించింది. బరువు కావాలని అడిగే మనిషిని మాల్యాద్రి అంతవరకు చూసి ఉండలేదు. ఒక మలుపులో ఆమె పళ్లు బిగించడం చూసి అతని ప్రాణం ఉసూరుమంది.

"భుజం నొప్పి పెడతాదమ్మా, చాల్లే."

"పెట్టనీ. ఎంత ఓర్చుకోవాల్నో నాకు తెలుసు" అని ఆమె ఇంకో పిసరు తగ్గించి, అక్కడ వదిలేసింది. కారు గీత గీసినట్టు పోతోంది. గుంతలు వస్తున్నాయి, పోతున్నాయి, ఆమె ఒక్కదానికీ తడబడలేదు. తనలో తాను ఏదో కూనిరాగం తీస్తోంది కూడా.

తర్లుపాడు వచ్చాక హఠాత్తుగా కారు పక్కకు తీసి ఆపింది.

"దిగు మాల్యాద్రీ."

అతను రెగ్యులేటరు వైపు చూశాడు. "ఏమైందమ్మా?"

"ఏం కాలే. నేను కంభం దాకా పోయొస్తా. ఈ కార్లో పక్కన మనిషుంటే నాకు పడదు."

మాల్యాద్రి దిగాడు. ఎర్రకారు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆ ఎండలోనే నిలబడ్డాడు. అతనికి ఎంత సంతోషమైందంటే కాసేపు ఏ దిక్కుకు నడవాలో తోచలేదు. మార్కాపురం పోయే ఆటో ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు అంతా చూసినట్టున్నాడు, జాలిగా అడిగాడు.

"ఏందన్నా, కారు చెడిపోయిందా, ఇట్ల నడిమధ్యలో దింపేసి పాయ?"

"లేదు నాయనా, బాగైంది" అన్నాడు మాల్యాద్రి ఆటో ఎక్కుతూ. "అందుకే దింపేసింది."