పిండి ఓడను తెచ్చిన సరంగు

సరంగంటే ఓడ నడిపేవాడని చాలామంది అనుకుంటారు. మన సరంగు పని అది కాదు. ఏడు సముద్రాలు దాటొచ్చిన ఓడైనా సరే, రేవు ముందు ఆగాల్సిందే. ఇతను పడవలో ఎదురెళ్ళి, తాడు నిచ్చెన పట్టుకుని పైకెక్కి, ఇసుక మేట ఎక్కడుందో, రాయి ఎక్కడుందో కప్తానుకి చెబుతూ దాన్ని లోపలికి తీసుకురావాలి. గుడ్డివాణ్ణి చెయ్యిపట్టి వీధి దాటించినట్టన్నమాట.

దొరల కాలంలో ఆ పని దొరలదే. ఇతను వాళ్ళ సంచీ మోసేవాడు. స్వతంత్రం రాగానే దొరలు తట్టాబుట్టా సర్దుకుని, రేవు పటాలు కూడా చంకన పెట్టుకుని చక్కా పోయారు. బయట ఓడలు గుడ్లప్పగించి నిలబడ్డాయి. "నేను తెస్తాను," అన్నాడు సంచీ మోసిన మనిషి. తెచ్చి, మొదటి ఓడనే రేవు గోడకి బర్రున రాశాడు. అయినా ఒడ్డున జనం ఒకటే చప్పట్లు. గోడ మనది, రాసినవాడు మనవాడు, ఇంకేం కావాలి?

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు అతని బావమరిది. తల్లి లేని పిల్లాడు. అక్క కాపరానికి వస్తూ వాణ్ణి చంకనేసుకునే వచ్చింది. ఈత నేర్పినా, చెవి మెలేసినా, చదివించినా అన్నీ సరంగే. బావమరిది అన్నమాటేగానీ కొడుకే. పెద్దయ్యాక రేడియోలో వార్తలు చదివే ఉద్యోగం వచ్చింది. గొంతు గంటే, ఒంట్లో మాత్రం పావు కండ లేదు. అందుకే అక్క వాణ్ణి 'గాలిపటం' అనేది.

జనం ఎన్నుకున్న పెద్దాయన, ఇక గనులు మనవే అన్నాడు. పోయిన దొరలకీ, వాళ్ళకి వత్తాసు పలికే ఇంకో పెద్ద దేశానికీ కడుపు మండింది. గాలిపటం మాత్రం పెద్దాయన మాటల్ని రోజూ రేడియోలో ఖంగున చదివేవాడు. పెద్దాయన్ని దించేస్తారట, సముద్రం మీంచి వస్తారట అని ఊరంతా గుసగుసలు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున పిండి ఓడ వచ్చింది. ఓడల పక్కన అంకెలు రాసి ఉంటాయి. లోపల బరువుంటే అవి నీళ్ళలో మునుగుతాయి. పిండి బస్తాలు నిండుగా ఉంటే మునగాల్సిన అంకెలు ఈ ఓడకి పైకి తేలి ఉన్నాయి. సరంగు చూడకపోలేదు. చూసి నవ్వుకున్నాడు. దారిలో సగం బస్తాలు అమ్మేసుకుని, ఎలకలు తినేశాయని చెప్పే కప్తానులు అతనికి కొత్తా? ఇచ్చిన కాఫీ తాగి, ఓడను గోడకి పువ్వులా ఆనించి, భోజనానికి ఇంటికొచ్చాడు.

గాలిపటం సంచీ సర్దుకుని కూర్చున్నాడు.

"బావా, మధ్యాహ్నం బస్సుకి కొండల వైపు పోదామనుకుంటున్నా. అక్కేమో ఏడుస్తోంది. నువ్వు చెప్పు, రేవులోకి ఏమన్నా వచ్చిందా?"

"వచ్చింది. పిండి."

"పిండేనా?"

"అదీ సగమే. మిగతా సగం కప్తాను మింగేశాడు. ఈసారి ఎలకలు బాగా బలిసుంటాయి."

అక్క కళ్ళు తుడుచుకుని నవ్వింది. "విన్నావా? మీ బావకి తెలీకుండా రేవులోకి చేపపిల్ల కూడా రాదు. ఆ సంచీ లోపల పెట్టు."

"తినేసి డ్యూటీకి పోరా," అన్నాడు సరంగు. "నువ్వు పోతే వార్తలెవరు చదువుతారు, మీ అక్కా?"

"అక్క చదివితే అవి వార్తలు కావు బావా, తిట్లు," అంటూ వాడు సంచీ లోపల పెట్టేశాడు.

పొద్దు వాలుతుండగా ఓడ కడుపులోంచి సిపాయిలు దిగారు. సగం మొహాలు మనవే. బూట్లూ తుపాకులూ మాత్రం పరాయివి. ముందు రేడియో భవనానికే పోయారు. ఆ సాయంత్రం వార్తలు ఎవరిదో గొంతు చదివింది.

పట్టుకున్నవాళ్ళని పాత దొరల క్లబ్బులో పెట్టారని తెలిసి, మర్నాడు పొద్దున్నే భార్య సరంగుని వెళ్ళి తమ్ముడి సంగతి అడిగి రమ్మంది. క్లబ్బు గోడ వెంట తల్లులూ పెళ్ళాలూ ఎండలో నిలబడి ఉన్నారు. గేటు దగ్గరున్న సిపాయిల జమేదారు సరంగుని చూడగానే మొహం విప్పార్చాడు.

"మీరు సరంగు కదూ? నిచ్చెన ఎక్కుతుంటే కింద కంతలోంచి చూశాను. దారంతా మా పేగులు నోట్లోకొచ్చాయి. మీరు ఎక్కాకే కుదుపు ఆగింది. కన్నతల్లిలా దించారు మమ్మల్ని. ఒరేయ్, కుర్చీ వెయ్యండి."

కుర్చీ వేశారు, టీ తెచ్చారు. కూర్చోకపోతే లోపలున్నవాడికి ఏమవుతుందోనని సరంగు కూర్చున్నాడు. గోడ పక్కనున్న ఆడవాళ్ళందరూ చూశారు.

బావమరిది సంగతి అడిగాడు. జమేదారు నవ్వుతూనే లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు. అప్పుడు మొహంలో నవ్వు లేదు.

"అలాంటి మనిషి ఇక్కడ లేడు. మళ్ళీ రాకండి. మీ మంచికే చెబుతున్నా."

సరంగు ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"ఉన్నాడా?"

"లేడట."

"లేడటా, లేడా?"

అతను గుమ్మం పక్కన చెప్పులు విప్పాడు. ఆమె అతని కాళ్ళకేసి చూసింది.

"పొద్దుననగా వెళ్ళారు. నిలబెట్టేశారా?"

"ఊఁ."

"ఎండలోనా?"

"ఎండలోనే."

ఆమె వేడినీళ్ళు తెచ్చి, కింద కూర్చుని, అతని కాళ్ళు బేసిన్లో పెట్టి రుద్దడం మొదలెట్టింది.