మూరెడు బ్రేకు పైపు

మా ఆయన కుడిచెయ్యి పొద్దున్నే పిడికిలి బిగించి ఉంటుంది. గోరువెచ్చని నువ్వులనూనె రాసి, బొటనవేలి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క వేలే విప్పాలి. చిటికెన వేలు అన్నిటికంటే చివర. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడిపక్క పడిపోయింది. అప్పటినుంచి నా పొద్దు ఇట్లాగే మొదలవుతుంది. కర్నూలు ఆసుపత్రిలో చేతికి కసరత్తు చేయించే డాక్టరమ్మ మొదటిరోజే గట్టిగా చెప్పింది.

"వారం వారం తీసుకురావాలమ్మా. మధ్యలో ఆపితే విప్పిన వేళ్లు మళ్లీ ముడుచుకుంటాయి. అప్పుడు నన్నడిగి లాభం లేదు."

మాది మైదుకూరు. కర్నూలుకు బస్సులకేం కొదవ లేదు కానీ ఆ మెట్లు ఆయన ఎక్కలేడు. వారం వారం బాడుగ కారంటే నా పూల డబ్బు చాలదు. ఉన్నది మా కారే. ఇరవై ఏళ్లు బాడుగకు తిప్పిన కారు. అమ్మేద్దామంటే ఆయన రెండురోజులు అన్నం మానేశాడు. చివరికి నాలుగో తరగతి చదివి, ఇంటి ముందర పూలు కట్టి అమ్ముకునే నేను యాభై దాటాక స్టీరింగు పట్టాల్సి వచ్చింది. ఆయన ఎడమ సీట్లో కూర్చుని నేర్పాడు. నేర్పడమంటే తిట్టడమే.

"క్లచ్చు మే, క్లచ్చు! అట్ల తన్నేదానికి అదేమన్నా గేదె అనుకుంటాండావా?"

నేర్చుకున్నాను. ఎనిమిది నెలలు ఒక్క వారం తప్పకుండా కర్నూలు పోయి వచ్చాము. ఆయన వేళ్లు ఐదూ విచ్చుకోవడం మొదలుపెట్టాయి. ఒకరోజు గ్లాసు పట్టుకుని సగం మజ్జిగ తనే తాగాడు.

ఆ తర్వాతి వారమే, కర్నూలు నుంచి తిరిగొస్తుంటే గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. తడిమట్టిలో కాలు పెట్టినట్లు పెడలు మెత్తగా కిందికి పోయింది. కారు పోతూనే ఉంది. మళ్లీ తొక్కాను. మళ్లీ అదే మెత్తదనం. ఆయన ఒళ్లంతా నావైపు తిప్పి, మంచిగున్న ఎడమచేత్తో నడుమనున్న హ్యాండుబ్రేకు పట్టి లాగాడు. చివరి గొర్రెకు జానెడు దూరంలో ఆగాము.

"కండ్లు యాడ పెట్టుకున్యావమ్మా!" అని కాపరి కేకలేశాడు.

మా ఇంటికి ఎదురుగానే మెకానిక్ షెడ్డు. అది నడిపే భాయి మా ఆయన బండి తిప్పే రోజుల నుంచీ స్నేహితుడు. కారును మా వాకిట్లోకే లాక్కొచ్చి, ముందు చక్రాలు విప్పి, చెక్కదిమ్మెల మీద నిలబెట్టాడు. నన్ను బ్రేకు తొక్కమని తను చక్రం దగ్గర పడుకుని చూశాడు. తర్వాత నన్ను పిలిచి చూపించాడు.

"ఈ రబ్బరు పైపు చూడక్కా. నువ్వు తొక్కినప్పుడల్లా కప్ప గొంతు మాదిరి ఉబ్బుతాండాది. నీ కాలి బలమంతా ఈ ఉబ్బులోనే పోతాండాది, చక్రం దాకా రాలే."

ఇంత పాత బండికి కంపెనీ పైపులు రావడం లేదట. అక్కడక్కడ దొరికేవి ఏళ్ల తరబడి అరల్లో పడి బీటలిచ్చినవట. అందుకని వేరేవాళ్లు చేసే స్టీలు పైపు వేసుకోవాలన్నాడు. లోపల సన్నటి గొట్టం, పైన స్టీలు తీగల అల్లిక. ఎంత తొక్కినా ఉబ్బదు.

"అయితే అన్నా, మన బండికి సరిపోయేది ఎతకాల. కొన, మర, పొడవు మూడూ కలవాల," అన్నాడు భాయి.

"ఇరవై ఏండ్లు తోలినోనికి చెప్తాండావా? ఇదే కంపెనీ పెద్దకారుది సరిపోతాది. ఒక తల్లి బిడ్డలే కదా రెండూ!" అని మా ఆయన ఎడమ బొటనవేలితో ఫోను నొక్కి తెప్పించుకున్నాడు.

అది వచ్చేదాకా ఆయన పగలంతా ఆ కార్లోనే కూర్చున్నాడు. నేను పొద్దున చెయ్యి విప్పి, మొహం కడిగించి, అరుగు దింపితే చాలు, కర్ర పట్టుకుని పోయి చక్రాలు లేని కార్లో ఎడమ సీట్లో కూర్చునేవాడు. అద్దం మీద దుమ్ము పేరుకుపోయి బయట ఏమీ కనపడేది కాదు.

"లోపలికి రాయ్యా, ఉడికిపోతావు."

"ఈడ బాగుండాది."

నేను అరుగు మీద కనకాంబరాలు కట్టుకుంటూ ఆయన్నే చూస్తూ కూర్చునేదాన్ని. ఇరవై అడుగుల దూరంలో కర్నూలు రోడ్డు. లారీలు పోతుంటే మా కారు కూడా కొంచెం వణికేది. అంతకుమించి మేమిద్దరం కదిలింది లేదు. కసరత్తు లేక ఆయన వేళ్లు రోజుకింత బిగుసుకుంటున్నాయి. పొద్దున ఐదు నిమిషాల పని పదిహేను నిమిషాలైంది. నేను చేసిన కసరత్తు డాక్టరమ్మ కసరత్తుకు సరిరాలేదు.

పైపులొచ్చాయి. కొత్త కాలిపట్టీల మాదిరి మెరుస్తున్నాయి. భాయి ఒకదాన్ని పెట్టి తిప్పాడు. రెండు చుట్లు పోయి బిగుసుకుంది. ఇంకా పెద్ద స్పానరు తెచ్చాడు. నేను పూలబుట్ట కింద పెట్టి లేచాను.

"ఆగు భాయ్. బలంతో తిప్పొద్దు."

"కొత్తది కదక్కా, అట్లనే ఉంటాది."

"ఒక చెవికమ్మ శీల ఇంకో కమ్మకు పట్టదబ్బా. నా చిన్నప్పుడు తిప్పి తిప్పి కమ్మే పాడుచేసుకున్యా. మొదట రెండు చుట్లు బాగనే పోతాది. తర్వాత మర తెగుతాది."

భాయి నా చెవుల వైపు చూసి, పైపు వెనక్కి విప్పాడు. పాతదాని పక్కన పెట్టి గోటితో గీకి చూశాడు.

"అక్క చెప్పిందే నిజమన్నా. దీని మర సన్నం, మన దానిది లావు. బలంతో ఎక్కించింటే రోడ్డు మీద చుక్క చుక్క ఆయిలు కారిపోతుండె."

మా ఆయన మొహం అవతలికి తిప్పుకున్నాడు. అప్పటికి మూడు వారాలు పోయాయి.

కర్నూలులో కొలత చెబితే పైపు తయారుచేసి ఇచ్చే అంగడి ఒకటుందని భాయి కనుక్కున్నాడు. మర కొలతలు, కొనల ఫోటోలు ఫోన్లోనే పంపాడు. పొడవు ఒక్కటే మిగిలింది. "నమాజుకు పోయొచ్చి టేపుతో కొలిచి చెప్తా" అని పోయాడు. ఆయన అటు పోగానే ఇటు అంగడాయన ఫోను చేశాడు.

"పొడవు ఇప్పుడే చెప్పండమ్మా, రేపట్నుంచి మూడురోజులు అంగడి తెరవం."

ఇంకో మూడు రోజులా! మా ఆయన కార్లోనే కునుకుతున్నాడు. పాత పైపు నా కళ్లెదుటే వేలాడుతోంది. రోజుకు వందసార్లు కొలిచే చెయ్యి నాది. మోచేతికి ఆనించి కొలిచాను.

"మూరకు నాలుగు వేళ్లు తక్కువ సామీ."

"మూరంటే పద్దెనిమిది అంగుళాలే కదమ్మా?"

"మూరంటే మూరే. దాంట్లో ఇంకేముంటాది?"

భాయి వచ్చాక గొప్పగా చెప్పాను. మా ఆయన లేచి విని, "మూరల సంగతి ఆమెకు తెలిసినట్ల ఎవురికి తెలుస్తాది భాయ్" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయిన సంగతి ఇప్పటికీ గుర్తుంది.

పైపులు రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఈసారి మర నున్నగా ఎక్కింది. చక్రాలు బిగించారు. నేను స్టీరింగు ముందర, ఆయన పక్కన. బ్రేకు తొక్కితే రాయి మాదిరి గట్టిగా ఉంది. భాయి కిందినుంచి, "ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పక్కా" అన్నాడు. తిప్పాను.

"ఆపు మే," అన్నాడు మా ఆయన.

"ఏమైంది?"

"శర్‌మంటాండాది. ఎడమ చక్రం కాడ."

నాకేమీ వినపడలేదు. భాయికీ వినపడలేదు. "కొత్తది కదన్నా, సర్దుకుంటాదిలే" అన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ తిప్పించాడు. భాయి దూరి చూసి, మట్టికొట్టుకున్న మొహంతో బయటికొచ్చాడు.

"పైపు పొడుగైపోయిందన్నా. చక్రం తిరిగినప్పుడు టైరుకు రాసుకుంటాండాది. ఈ తీగల అల్లిక ఆకురాయి మాదిరి. నెల తిరిగేతలికి టైరన్నా కోస్తాది, తనన్నా తెగుతాది."

నన్ను మూర చూపించమని టేపు తెచ్చాడు. నేను చెయ్యి చాపాను. మోచేతి నుంచి నడిమివేలి దాకా టేపు పెట్టి చూశాడు. మళ్లీ పెట్టాడు.

"అక్కా, పదహైదున్నరే ఉండాది."

నేను నా చేతి వైపు చూసుకున్నాను. మోచెయ్యి కొంచెం లోపలికి వంగి ఉంది. నడిమివేలి కొస ముడిచి ఉంది. పూలు కొలవడం మా అత్త నేర్పింది. ఆమె చెయ్యి ఎట్లా వంగితే నాదీ అట్లాగే వంగింది. తక్కువ పెట్టాలని ఏరోజూ అనుకోలేదు. అసలు తక్కువని కూడా ముప్పై ఏళ్లలో మరిచిపోయాను. నాకు మూరంటే అదే.

"ముప్పై ఏండ్ల నుంచి మైదుకూరు ఆడోళ్ల జడలకు ఇదేనా మే నువ్వు పెడతాండేది?" అని మా ఆయన నవ్వాడు. జబ్బు చేశాక ఆయన అట్లా నవ్వడం అదే మొదలు. సగం నోటితోనే నవ్వాడు. భాయి కూడా నవ్వాడు. నేనూ నవ్వి, నీళ్లు తెస్తానని లోపలికి పోయి, వంటింట్లో గోడకు ఆనుకుని ఏడ్చాను. నా చెయ్యి వంగినందుకు ఆయన చెయ్యి ముడుచుకుంటోంది.

మూడో పైపు కొలత దగ్గర మా ఆయనే నిలబడ్డాడు. పాత పైపు బిగుసుకుపోయి ఉంటుంది, దాని మాట నమ్మొద్దన్నాడు. చక్రాన్ని ఈ కొసకూ ఆ కొసకూ తిప్పి, కిందికి వేలాడదీసి, పైపు పోయే దారిలో నా పూలదారం పట్టించాడు. దారం ఒక కొస తనే పట్టుకుంటానన్నాడు. కుడిచేత్తో. నేను ఆయన వేళ్లు విప్పి దారం పెట్టి మూశాను. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి నిలిచింది. భాయి ఆ దారానికి టేపు పెట్టాడు.

"మూరలొద్దు తల్లీ, అంగుళాలు చెప్పు" అని మా ఆయన నాచేతనే మూడుసార్లు ఆ అంకె చదివించి ఫోను చేయించాడు.

ఇంకో రెండు వారాలకు వచ్చిన పైపు ఎటు తిప్పినా దేనికీ తగల్లేదు. మొత్తం ఏడు వారాల తర్వాత కర్నూలు దారి పట్టాము. పాదం ఆనిస్తే చాలు, కారు మాట వింటోంది. గొర్రెలు అడ్డమొచ్చిన చోట నేను నిదానించాను. ఆయన ఎడమకాలు ముందున్న రేకును గట్టిగా తొక్కింది. చూసీ చూడనట్లు ఊరుకున్నాను.

డాక్టరమ్మ వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. నాలుగు వచ్చాయి. చిటికెన వేలు రాలేదు. వేడినీళ్లలో పెట్టించి మళ్లీ చూసింది.

"ఎన్ని వారాలు ఆపారు?"

"ఏడు."

ఆమె ఆ అంకె కాగితం మీద రాసుకుంది. ఏదో ఒకటి తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగుదారిలో నా చూపు ఊరికే ఆ చిటికెన వేలి మీదికి పోతోంది. ఆయనే అన్నాడు. "ఆ యేలు చేసే పనేముండాది మే? చెవి గోక్కునేదానికి తప్ప."

నేను గేరు మార్చాను.

"మొదటి మూడు వారాలు నాయి. నీవి నాలుగే."

"నాలుగు ఎక్కువ కదా."

"ఒకటే కదా ఎక్కువ. రోడ్డు చూసి తోలు."

ఇంటికొచ్చాక మోచెయ్యి చాపి పూలు కొలవాలని చూశాను. నిలబడి చాపితే చాపుకుంటుంది. చేతికి పూలు తగలగానే మళ్లీ వంగిపోతుంది. నా చెయ్యే నా మాట వినలేదు. చివరికి భాయి టేపుతో కొలిచి, అరుగు మీది చెక్కపలకకు రెండు మేకులు కొట్టాడు. ఇప్పుడు ఆ మేకుల నడుమే పూలు పెట్టి తెంచుతాను.

"ఏందక్కా, ఈమధ్య పూలు శానా ఇస్తాండావు?" అని పక్కింటామె అడిగింది.

"మూర పెరిగిందమ్మా," అని కార్లోనుంచి మా ఆయన జవాబు చెప్పాడు. కారుకు చక్రాలొచ్చినా ఆయన పగలు అక్కడే కూర్చుంటాడు. అద్దం మాత్రం రోజూ తుడిపించుకుంటున్నాడు.

పొద్దున నూనె రాసి నాలుగు వేళ్లు విప్పుతాను. ఐదోదానికీ రాస్తాను. దాన్ని ఒక్కదాన్నే కొంతసేపు పట్టుకుంటాను. అది రాదు. ఆయన దానివైపు చూడకుండా రోడ్డువైపు చూస్తూ, "ఈ వారం ఎన్ని గంటలకు బయల్దేరేది?" అంటాడు.