ఓబులేసు సారు గన్ను

పాత న్యూస్‌పేపరు పరిచి గన్ను మరలు విప్పగానే లోపలినుంచి బూడిదరంగు దుమ్ము రాలింది. గ్రీజు వాసనలో కలిసిన సిమెంటు వాసన. కడపలో నేనుంటున్న ఈ గదిలో ఆ వాసన వచ్చే వస్తువు మరొకటి లేదు. కోయిలకుంట్ల దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో మొదటి ఉద్యోగం చేసిన రోజుల్లో నా చొక్కాలు, దిండు, చివరికి అన్నం కంచం కూడా ఇదే వాసన వేసేవి. అక్కడ మా మెయింటెనెన్సు సెక్షనుకు పెద్ద ఓబులేసు సారు. ఈ గన్ను ఆయనది.

ఇది నిజం తుపాకీ కాదు, ఎయిర్‌సాఫ్ట్ గన్ను. బ్యాటరీతో చిన్న మోటారు తిరిగి స్ప్రింగును వెనక్కి లాగి వదిలితే, శనగగింజంత ప్లాస్టిక్ గుండు గాలి ఒత్తిడికి బయటికి దూకుతుంది. ఇప్పుడు ట్రిగ్గరు నొక్కితే మోటారు గరగరమంటుంది, గుండు రాదు. లోపలి పళ్ళచక్రానికి ఒక పన్ను విరిగింది. గాలి పట్టే రబ్బరు రింగు గట్టిపడి చిట్లింది. రెండూ తెప్పించుకోగల సామాన్లే, వేయడం నాకు వచ్చు. అయినా నిన్న ఫోటో తీసి, ‘పాడైంది, ఉన్నది ఉన్నట్టు’ అని రాసి ఫోనులో అమ్మకానికి పెట్టాను. ఈ సాయంత్రం ఒకతను వచ్చి తీసుకుంటానన్నాడు. ఆలోపు తేల్చుకోవాలి. అమ్మేస్తే సారు వస్తువంటూ నా దగ్గర ఇంకేమీ మిగలదు. బాగుచేసి ఉంచుకుంటే, దాంతో ఆడటానికి నాకు తోడు మనిషి లేడు.

సారు దీన్ని కొన్నది పావురాల కోసం. మా షెడ్డు రేకుల కింద దూలాల మీద అవి గూళ్ళు పెట్టి కంట్రోలు ప్యానెళ్ళ మీద రెట్టలు వేసేవి. సారు ఏనాడూ పక్షిని గురిచూడలేదు. దానికి బాగా ఎడంగా రేకును కొట్టేవారు. టంగుమనగానే గుంపంతా లేచిపోయేది. కొన్నాళ్ళకు అవి ఆ మోతకు అలవాటుపడి, మెడ తిప్పి చూసి మళ్ళీ కునుకు తీసేవి.

“ఏం సార్, వాటికి భయం పోయినట్టుండాదే?” అన్నాడు వెల్డరు మాబు.

“పర్మినెంటు అయిపోయినాయి కదప్పా. ఇంగ యాడ కదుల్తాయి!” అన్నారు సారు.

అప్పటికి నేను చేరి ఎన్నాళ్ళో కాలేదు. మాటలు తక్కువ. ఏ పని ముట్టినా ముందు వరుస వేసుకోవడం అలవాటు: ఏది విప్పాలి, ఏది కొలవాలి, ఏది మార్చాలి. మనుషులతో మాట్లాడటం ఆ వరుసలో ఎక్కడా ఉండేది కాదు. సారు భార్య కర్నూలులో టీచరు. ఆమె ఉద్యోగం అక్కడ, ఈయన ఇక్కడ. క్వార్టర్సులో ఆయనొక్కరే, పక్క వాటాలో నేనొక్కడినే. ఒక ఆదివారం ఆయన గన్ను చంకలో పెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

“ఏం చేస్తాండావప్పా?”

“గుడ్డలు ఉతకాలి సార్. తర్వాత వంట. తర్వాత…”

“నీ లిస్టు ఆడ పెట్టి బయటికి రా. పావురాలు మనల్ని లెక్కచేయడం ల్యా. టీకప్పులన్నా చేస్తాయేమో చూద్దాం.”

క్వార్టర్సు వెనక నాపరాళ్ళు నిలువుగా పాతిన కంచె ఉండేది. దానవతల నల్లరేగడి చేలు. రాళ్ళ మీద కాగితం కప్పులు వరుసగా బోర్లించి, ఒకరి తర్వాత ఒకరం కొట్టేవాళ్ళం. సారుకు గురి లేదు. తప్పిన ప్రతిసారీ గాలిని తిట్టేవారు, ఆకు కదలని ఎండలో కూడా. గేటు కాపలా అతను ఒకసారి చూసి, “ఏంది సార్, ఈ కాలంలో గూడా ఫ్యాక్షనా?” అన్నాడు. “ఏం చేద్దామప్పా, టీకప్పుల పార్టీ వాళ్ళు శానా ఎగురుతాండారు,” అన్నారు సారు గన్ను దించకుండానే.

ఆట ముగిశాక గుండ్లన్నీ ఏరేదాకా ఆయన ఇంటికి కదలనిచ్చేవారు కాదు. “రేపు గొర్లు వస్తాయి మేతకు. ఇది గింజ కాదని వాటికేం తెలుసు?” అనేవారు. ఇద్దరం గొంతుకూర్చుని మట్టిలో వెతికేవాళ్ళం. కళ్ళు నేల మీద ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. ఎవరితోనూ చెప్పని సంగతులు నేను ఆయనతో చెప్పింది ఆ ఏరే వేళల్లోనే.

బాగుచేయమని సెక్షనుకు ఎవరేం తెచ్చినా సారు ముందుగా అడిగే మాట ఒకటుండేది. గెస్టుహౌసు నుంచి ఒకసారి ఒళ్ళు పట్టే కుర్చీ వచ్చింది. నేను మూత విప్పబోతుంటే సారు చేయి పట్టుకుని ఆపి, తెచ్చినతన్ని అడిగారు: “దీన్లో ఎవరు కూర్చుంటారప్పా?” అతను తల గోక్కుని, “ఎవురూ కూర్చోరు సార్. ఊరికే ఉంటాది,” అన్నాడు. “అయితే బాగున్నా పాడైనట్టే. ఎత్తకపోండి,” అన్నారు. ఇంకోసారి మాబు పాత టేపురికార్డరు తెచ్చాడు. సామాన్లు దొరకవు, పారేయమన్నాను నేను. సారు అదే మాట అడిగారు. “మా దాదీ సార్, ముసల్ది. పగలంతా ఇంట్లో ఒక్కతే ఉంటాది. పాట లేకుంటే గోడల్తో కొట్లాడతాది,” అన్నాడు మాబు. సారు ఆ డబ్బా నా చేతిలో పెట్టి, “గోడలు పడిపోకముందే చెయ్యి,” అన్నారు.

తర్వాత నేను కడపలో ఉద్యోగానికి వచ్చాను. సారు రిటైరై కర్నూలు వెళ్ళారు. కొన్నాళ్ళకు మాబు ఫోను చేసి, సారు ఇక లేరని చెప్పాడు. పలకరించడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మేడం తువ్వాలులో చుట్టిన గన్ను తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. “మీరిద్దరూ ఆడుకుంటాంటిరి కదా నాయనా. నాకు దీంతో ఏం పని? ఉంచుకో, లేదంటే అమ్ముకో. ఆయనేమీ అనుకోడు.” అప్పటికే అది పనిచేయడం లేదు. పాడయ్యేదాకా సారు అక్కడ ఎవరితో ఆడారో ఆమెకూ తెలియదు.

మధ్యాహ్నం కొనేతను ఫోను చేశాడు. సెల్లు షాపులో పనిచేస్తాడట. “అన్నా, యాడికి రావాల?” అన్నాడు. చిరునామా చెప్పబోయి, “దీన్ని ఎవరు వాడతారు?” అని అడిగాను.

అతను కంగారుపడ్డాడు. “అయ్యో, గలాటాలకు కాదన్నా! ఆదివారం ఫ్రెండ్సంతా ఆడుకుంటాం. మాలో ఈరన్న అని ఒకడుండాడు, వానికి గన్ను ల్యా. గోడెనక నిలబడి నోటితోనే ఠాయ్ ఠాయ్ అంటాంటాడు.”

నాకు నవ్వొచ్చింది. “ఈరోజు రావద్దు. బాగుచేసి ఇస్తా.”

“రేటు పెంచుతావా ఏమన్నా?”

“లేదప్పా, అదే రేటు.”

“మల్లెందుకన్నా నీకంత కష్టం?”

“నోటితో ఎన్నాళ్ళని కాలుస్తాడప్పా వాడు?” అన్నాను. అన్నాక, ఆ మాట నాదిలా అనిపించలేదు.

సామాన్లు వచ్చాక పన్ను విరిగిన చక్రం మార్చాను, రింగు మార్చాను. పాత గ్రీజు, దుమ్ము మొత్తం కడగాల్సి వచ్చింది. ఉంచితే కొత్త చక్రమూ అరిగిపోతుంది. గుడ్డ చేతిలో పట్టుకుని ఆ సిమెంటు వాసన చివరిసారి పీల్చి, తర్వాత కడిగాను.

అతను వచ్చి, మేడ మీద అట్టపెట్టెకు ఒక దెబ్బ కొట్టి మురిసిపోయాడు. గుండు కంటికి తగలకుండా అద్దాలు పెట్టుకోనిదే ఆడొద్దని ఈరన్నకు చెప్పమన్నాను. పాలు పొయ్యి మీద ఉన్నాయి, టీ తాగి పొమ్మన్నాను. “ఇంగో దినం వస్తాలే అన్నా, వాళ్ళు కాసుకోనుంటారు,” అంటూ బండెక్కాడు.

టీ ఇద్దరికి సరిపడా ఉంది. కింది వాటాలో నాలాగే ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన ఉన్నారు. ఇన్నాళ్ళుగా మెట్ల మీద ఎదురుపడుతున్నా ఆయన పేరు నాకు తెలియదు. రెండు గ్లాసులు పట్టుకుని దిగాను. తలుపుకు తాళం వేసి ఉంది. పైకొచ్చి, ఒక గ్లాసు తాగాను, రెండోది చల్లారిపోయింది. మనిషి దగ్గరికి ముందు మనమే పోవడం సారు పద్ధతి. నాకది ఇంకా చేతకాదు. రేపు మళ్ళీ దిగుతాను.