గాలి అడగని రోజు

డెబ్బైల్లో నేను శ్రీహరికోటలో చిన్న ఇంజనీరుని. పైగాలులు బలంగా ఉన్నాయని మా రాకెట్ ప్రయోగం మూడుసార్లు వాయిదా పడింది. ఆ చిరాకుతోనే స్నేహితుడి పెళ్ళికని విజయవాడలో ఏలూరు బస్సెక్కాను. పక్కసీట్లో మరియమ్మగారని ఒక పెద్దావిడ, ఒళ్ళో కొత్త చేటలు పెట్టుకుని కూర్చుంది. నా దిగులేమిటని అడిగితే చెప్పాను.

"గాలుంటే ఎగరదాండీ?"

"ఎగురుతుందండీ, దారి తప్పుతుంది."

"అయ్యో, మాకేమో గాలి లేకపోతే పనే జరగదు బాబూ. వడ్లు తూర్పారబట్టాలంటే తాలు ఎగిరిపోవాలి కదా. కోతలయ్యాక రోజూ పొద్దున్నే చర్చిలో గాలి కోసం ప్రార్థన చేసుకున్నాకే కళ్ళంలోకి దిగుతాం."

కాసేపు ఆలోచించి అంది: "మీకు గాలి వద్దనుకున్న రోజేదో ఒక కార్డుముక్క రాయండి. ఆ రోజుకి మేం అడగంలెండి."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. హనుమాన్ జంక్షన్‌లో దిగుతూ తన పేరు, ఊరి పేరు రెండుసార్లు చెప్పింది.

ప్రయోగం తేదీ ఖాయమయ్యాక కార్డు రాశాను. ఆ ఉదయం గాలి చూడడానికి వదిలిన బెలూను నింపాదిగా పైకి లేచింది. రాకెట్ అనుకున్న దారినే వెళ్ళింది. అందరూ ఆకాశంలోకి చూస్తూ చప్పట్లు కొడుతున్నారు. నాకు మాత్రం ఎక్కడో కళ్ళంలో, చేటలు పక్కన పెట్టి, వడ్లకుప్ప ముందు ఊరికే కూర్చున్న మరియమ్మగారు కనిపించింది.