వదిన ఈదిన సముద్రం

ఉదయగిరిలో అన్నయ్య ఇంటికి క్రిస్మస్ ముందు వెల్ల వేయించడం మొదలైంది. మొన్న నేను ఆత్మకూరు నుంచి బస్సులో వెళ్లేసరికి పెరట్లో డ్రమ్ములో సున్నం నానుతోంది. రంగులు వేయించుకోమని పిల్లలు ఎంత చెప్పినా అన్నయ్య వినడు. పనివాడు ఆ తెల్లటి నీళ్లను కర్రతో కలుపుతుంటే నాకు నవ్వొచ్చింది. "ఇంత సున్నముంటే మన ఊరంతా పండక్కి వెల్ల వేసినా మిగులుద్ది గదమ్మాయ్" అని ఒకసారి వదిన అన్నది. ఆ మాట అన్నది ఈ పెరట్లో కాదు, బాలి దీవిలో, మూడు తాటిచెట్ల ఎత్తున్న సున్నపురాతి కొండ కింద నిలబడి.

నేను టీచరుగా రిటైరైన ఏడాది ఆత్మకూరు టీచర్లం కొందరం కలిసి వేసుకున్న ప్రయాణం అది. ఇంట్లోవాళ్లను తెచ్చుకోవచ్చన్నారు కనుక అన్ననీ వదిననీ పిలిచాను. అన్నయ్య కిటికీలోంచి కనిపించే కొండమీది దుర్గం వైపు చెయ్యి చూపి, "అది ఎక్కితేనే ఆయాసం వస్తా ఉండాది, ఇంక విమానం గూడానా? మీరిద్దరూ పోయి రాండి" అన్నాడు. వదిన పెట్టె సర్దింది. అందులో చీరల కన్నా కారప్పొడి బరువే ఎక్కువ.

ఆ కొండ కింది బీచికి దిగాలంటే దాని చీలికలో చెక్కిన మెట్ల మీద ఒకరి వెనక ఒకరు ఒదిగి నడవాలి. రాతి మీద తడి, ఉప్పు వాసన, ఎక్కడో కోతుల అరుపులు. మోకాలు నొప్పని నన్ను పట్టుకుని దిగిన వదిన, కింద ఇసుక కనపడగానే నా చెయ్యి వదిలేసింది. దూరాన, రాతి దిబ్బల అవతల, జనం పలకల మీద బోర్లా పడుకుని లోపలికి పోయి, అల లేవగానే దాని మీద నిలబడి జారుకుంటూ వస్తున్నారు. వాళ్లలో తల నెరిసిన ఒకావిడ ఉంది. పడుతోంది, లేస్తోంది, మళ్లీ పలక పట్టుకుని పోతోంది. వదిన ఆవిడ మీదనుంచి చూపు తిప్పలేదు. "ఆమెకు నా వయసుంటదా?" అనడిగింది. ఎక్కువే ఉంటుందన్నాను. అప్పుడు "నాకు ఈత వచ్చు" అన్నది.

ముప్పై ఎనిమిదేళ్లుగా తెలిసిన మనిషి. ఆ మాట ఎప్పుడూ వినలేదు. పుట్టింట్లో, చేజర్లలో, వాళ్ల నాయన నీళ్లలో తేలే మునగ బెండ్లు నడుముకు కట్టి పొలం బావిలో నేర్పించాడట. గట్టు మీదనుంచి దూకితే మగపిల్లలు కూడా ఆమె వెనకేనట. పెళ్లయి వచ్చింది బిందె నీళ్లతో స్నానం ముగించే ఊరికి. "ఇన్నేళ్లు చెప్పలేదేం వదినా?" అంటే, "ఎవురడిగినారు?" అన్నది, కోపం లేకుండా.

కళ్లజోడు, చెప్పులు నా చేతిలో పెట్టి, చీర బిగించి దోపుకుని నీళ్లలోకి నడిచింది. దిబ్బలు అలలను ఆపేయడంతో ఒడ్డు దగ్గర నీళ్లు నిలకడగా ఉన్నాయి. అయినా మెట్ల మీదనుంచి మా టూరు అబ్బాయి "వద్దమ్మా!" అని కేకలు. నేను మోకాళ్లదాకా దిగి "వదినా, వచ్చేయ్" అని బతిమాలుతున్నాను. ఆమె రెండు బారలు వేసింది, తర్వాత నాలుగు. తర్వాత వెల్లకిలా తిరిగి, ఆ తెల్లటి కొండను చూస్తూ కదలకుండా తేలింది. పది నిమిషాలు ఉండొచ్చు. జుట్టు విడిపోయి, నీళ్లు కారుతూ బయటికి వచ్చి, "చేతులు మర్చిపోలేదమ్మాయ్" అని నవ్వింది. అంత పెద్ద నవ్వు ఆమెకుందని నాకు తెలియదు. బస్సెక్కాక మాత్రం, "మీ అన్నకు చెప్పబాకు" అన్నది.

నేను చెప్పలేదు. ఆమె నీళ్లలో తేలుతున్న ఫొటో ఎవరో టీచర్ల గ్రూపులో పెడితే, అది తిరిగి తిరిగి అన్నయ్య ఫోనుకూ చేరింది. దాన్ని చాలాసేపు చూశాడట. ఆ ఆదివారం చర్చి అయ్యాక ఆమెను బస్సెక్కించి చేజర్ల తీసుకెళ్లాడు. తర్వాత వదినే ఫోనులో చెప్పింది: "బాయి ఏడుండాది? బోర్లు వచ్చినాక పూడ్చేసినారు, ముళ్ల చిల్లచెట్లు మొలిచినాయి. అయినా మీ అన్న, ఏడ నించి దూకేదానివో చూపించమన్నాడు. చూపించినాను."

మళ్లీ ఆ సముద్రానికి పోదామని వదిన ఫోను చేసినప్పుడల్లా అడిగేది. మొదటి ఏడు నా కంటి ఆపరేషన్ అన్నాను. రెండో ఏడు మనవరాలి పరీక్షలన్నాను. వచ్చే ఏడు తప్పకుండా అన్నాను. మూడో ఏడు ఆమె గుండె ఆగిపోయింది. అన్నయ్య ఆ ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టాడు. వెల్ల వేసేటప్పుడు దాన్ని తనే దించి మంచం మీద పెట్టుకున్నాడు, పనివాణ్ణి ముట్టనివ్వలేదు.

వదినతో నలభై ఏళ్లకు పైగా గడిపాను. ఆమెను నిజంగా చూసింది మాత్రం ఆ పది నిమిషాలే. వచ్చే ఏడు, వచ్చే ఏడు అని నేను వాయిదా వేసింది ప్రయాణాన్ని కాదు, నా చేతిలో ఉందనుకున్న ఆమె కాలాన్ని.