నిశ్శబ్దాన్ని నమ్మని ఫిట్టరు

సబ్‌స్టేషన్‌లో అందరూ అతన్ని 'అనుమానం' అనే పిలిచేవారు. స్టవ్ కట్టేశాక మూడుసార్లు చూసి, వీధి మలుపు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి చూసుకునే మనిషి. ఇరవై ఆరేళ్లుగా హైవోల్టేజి పెట్టెల్లో గ్యాస్ నింపుతున్నాడు. లోపల మెరుపు అటూ ఇటూ దూకకుండా పట్టి ఉంచేది ఆ గ్యాసే.

పాత గ్యాస్ బయటికి పోతే వేల ఏళ్లు ఆకాశాన్ని వేడెక్కిస్తుందట. అందుకని దాన్ని తీసేసి, భూమికి అంత చేటు చేయని కొత్త గ్యాస్ నింపారు. అప్పట్నుంచి అతనికి మనసు కుదురుగా లేదు. పది రోజుల్లో మూడో పెట్టె గ్యాస్ మీటరు ముల్లు వెంట్రుకవాసి దిగింది.

"చలికి దిగుతుందయ్యా," అన్నాడు ఇంజనీరు. లీకును పసిగట్టే యంత్రాన్ని పెట్టె చుట్టూ తిప్పాడు. అది కిక్కురుమనలేదు. "విన్నావుగా?"

"ఏం వినాలి సార్? అది నోరు విప్పందే!"

కింద సెల్లార్‌లో కేబుల్ పని చేయడానికి అతని అక్క మొగుడు సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏం బామ్మర్దీ, మీ అక్క వంటనైనా నమ్మి తింటావా?"

"నువ్వు ఆ మెట్టు మీదే ఆగు బావా."

ఈ గ్యాస్ గాలికన్నా బరువు. కారితే సెల్లార్‌లోకి దిగి నీళ్లలా నిలుస్తుంది. అందులో మనిషికి ఊపిరాడదు.

అతను కొత్త గ్యాస్ సిలిండర్ వాల్వు రవ్వంత తిప్పి, యంత్రాన్ని దాని మూతి దగ్గరే పెట్టాడు. గ్యాస్ బుస్సుమంది. యంత్రం ఉలకలేదు, పలకలేదు. ఇంజనీరు ముఖం పాలిపోయింది. అది పాత గ్యాస్‌ను పసిగట్టడానికి చేసిన యంత్రం. కొత్తది దాని ముక్కుకు అందదు.

ఇక అతను పెట్టె అతుకులకు సబ్బు నురగ పూసుకుంటూ పోయాడు. నాలుగో అతుకు దగ్గర ఒక బుడగ, నిద్రపోయే పాప పెదవి మీద బుడగలా, మెల్లగా ఉబ్బింది. 'చెప్పానా, ఈ కొత్త గ్యాసే ఇంత!' అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో బుడగ పక్కన బోల్టు మీద పసుపు గీత కనిపించింది. బిగించిన బోల్టుకు ప్రతి ఫిట్టరూ తన రంగు గీత పెడతాడు. పసుపు అతనిది.

"ఇది నేను బిగించిందే సార్," అన్నాడు.

"అందర్నీ అనుమానించావు, నిన్ను తప్ప," అన్నాడు బావ. ఈసారి నవ్వలేదు.

ఆ బోల్టు మళ్లీ బిగించి, ఫ్యాను పెట్టి సెల్లార్ గాలంతా తోడారు. ఆక్సిజన్ సరిపడా ఉందని మీటరు చెప్పినా, అతను ఇంకో రెండుసార్లు చూశాకే బావను దిగనిచ్చాడు. తను మెట్ల దగ్గరే కూర్చున్నాడు.

"బావా?"

"ఊఁ."

కాసేపాగి, "బావా?"

"లేనోయ్, పోయాను! పని చేసుకోనివ్వవా?"

ఆ కసురు చెవిన పడ్డాక ఊపిరి పీల్చుకున్నాడు. మళ్లీ పిలిచేందుకు వేళ్ల మీద అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.