సెలవు పెట్టి సన్యాసం

1999 మార్చిలో మా కంపెనీ నన్ను హైదరాబాదు నుంచి సింగపూర్ ప్రాంతీయ కార్యాలయానికి ప్రాజెక్టు మేనేజరుగా పంపింది. ఒక బీమా సంస్థ బ్యాంకాక్ శాఖలో ఉన్న పాలసీల సమాచారమంతా సింగపూర్‌లోని పెద్ద కంప్యూటరులోకి మార్చడం మా పని. రెండువేల సంవత్సరం రాకముందే అది పూర్తికావాలి. పాత ప్రోగ్రాములు సంవత్సరానికి చివరి రెండంకెలే దాచుకునేవి. అందుచేత సున్నా సున్నా రాగానే యంత్రాలు దాన్ని పంతొమ్మిది వందలుగా లెక్కకడతాయని అందరూ భయపడుతున్న రోజులవి. మాకు ఆ భయం చాలదన్నట్టు ఇంకొక చిక్కు ఉండేది. థాయ్‌లాండ్‌లో వాడేది బుద్ధ శకం. మన సంవత్సరానికి అయిదు వందల నలభై మూడు కలిపితే వాళ్ళ సంవత్సరం వస్తుంది. మేము 99 అని రాసుకునే చోట వాళ్ళ ఫైళ్ళలో 42 ఉండేది.

ఆ తేదీలను సరిచేయడానికి బ్యాంకాక్ నుంచి ఒక చిన్న బృందాన్ని రప్పించారు. నాయకురాలు నోక్, నలభై ఏళ్ళ గట్టి మనిషి. థాయ్‌వారికి కాగితాల మీద బారెడు పేరుంటుంది, పిలుచుకోవడానికి మాత్రం చిన్న ముద్దుపేరు. ఆఫీసులోనూ అదే చెల్లుతుంది. నోక్ అంటే పిట్ట. తేదీల ప్రోగ్రాములు రాసే యువకుడి పేరు మూ. అర్థమేమిటని అడిగితే, "పంది" అని సంతోషంగా చెప్పాడు. మా ఇళ్ళలో అది తిట్టు. పొద్దున్నే ఒక పెద్దమనిషి కొడుకును ఆ మాటతో పిలిచి పని చెప్పడానికి నాకు కొన్నాళ్ళు నోరు రాలేదు.

ఆ బృందంలో ఎవరినీ చిన్నబుచ్చుకున్న ముఖంతో చూడలేదు. ప్రోగ్రాము ఆగిపోయినా చిరునవ్వే, క్లయింటు విసుక్కున్నా చిరునవ్వే. ఏం చెప్పినా మూ తల వంచి "ఖ్రాప్" అనేవాడు. దాన్ని నేను సరేనండీ అని అర్థం చేసుకునేవాణ్ణి.

మే నెలలో మాక్ రన్ పెట్టుకున్నాం. అసలు మార్పిడికి ముందు, నిజమైన సమాచారానికి నకలు తీసి, పని మొత్తాన్ని ఒకసారి నడిపి చూసుకోవడాన్ని మాక్ రన్ అంటారు. క్లయింటు ప్రతినిధి పక్కనే కూర్చుని చూస్తాడు. అందులో తప్పితే ప్రాజెక్టు వేరే కంపెనీకి పోవచ్చు. నా సింగపూర్ ఉద్యోగం కూడా దానితోపాటే పోతుంది. అది కొద్ది రోజుల్లో ఉందనగా మూ వచ్చి రెండు వారాలు సెలవు కావాలన్నాడు. ఎందుకని అడిగాను.

"సన్యాసం తీసుకుంటున్నాను సార్," అన్నాడు నవ్వుతూ.

మన లెక్కలో సన్యాసమంటే తన శ్రాద్ధం తానే పెట్టుకుని, ఇల్లూ వాకిలీ వదిలి పోవడం. అందులోకి వెళ్ళినవాడు సోమవారం ఆఫీసుకు వస్తాడని నేనెక్కడా వినలేదు. రాజీనామా అనలేక మొహమాటానికి సెలవన్నాడనుకున్నాను. పైగా అతనికి పెళ్ళి కుదిరింది.

ఆ సాయంత్రం ఊరికి దూరంగా యూ టీ పేటలో ఉన్న మా ఫ్లాట్‌కు వెళ్ళి నా భార్య సరోజతో చెప్పాను. ఆవిడ వంట ఆపి గరిటె పక్కన పెట్టేసింది. "అయ్యో, పిల్లాడికి ఎంత కష్టమొచ్చిందో! మీరు సెలవు సంగతి అడిగారు గానీ, నీకేమైంది బాబూ అని అడిగారా? రేపు కూర్చోబెట్టి నచ్చజెప్పండి," అంది.

మరునాడు మధ్యాహ్నం మూని హాకర్ సెంటరుకు, అంటే చిన్న చిన్న తిండి దుకాణాల సముదాయానికి, భోజనానికి తీసుకెళ్ళి చాలాసేపు చెప్పాను. జీవితంలో ఒడుదొడుకులుంటాయన్నాను. కాబోయే భార్య సంగతి ఆలోచించమన్నాను. ఏ సమస్యకైనా నేనున్నానన్నాను. ప్రతి మాటకూ అతను శ్రద్ధగా ఖ్రాప్ అన్నాడు. మనసు మార్చుకున్నాడన్న ధీమాతో మా డైరెక్టరు లిమ్‌కు ఆ మాటే చెప్పాను. లిమ్ స్థానిక చైనీయుడు, తక్కువ మాట్లాడే మనిషి. సింగపూర్ అలవాటుగా మాట చివర లా తగిలించి, "గుడ్ లా," అని తన పనిలో పడ్డాడు.

ఆ మరుసటి ఉదయం ఆఫీసులో ప్రతి బల్ల మీదా మిఠాయి పొట్లం ఉంది. థాయ్ బృందమంతా మూ చుట్టూ చేరి అభినందిస్తున్నారు. మిఠాయిలు పంపింది అతని కాబోయే అత్తగారట. నేను నోక్‌ను పక్కకు పిలిచి, అల్లుడు సన్యాసుల్లో కలుస్తుంటే ఆవిడ మిఠాయిలు పంచడమేమిటని అడిగాను. నోక్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్ళ దేశంలో మగవాడు పెళ్ళికి ముందు కొన్నాళ్ళు భిక్షువుగా ఉండి రావడం ఆచారమని అప్పుడు చెప్పింది. ఉండి రానివాణ్ణి పచ్చివాడంటారట, పండనివాడని. అలాంటివాడికి పిల్లనివ్వడానికి పెద్దవాళ్ళు వెనకాడతారట.

"మరి నిన్న నేను వద్దన్నదానికల్లా సరేనన్నాడే!"

"ఖ్రాప్ అంటే సరే కాదు సార్, విన్నానండీ అని. పెద్దవారు చెబుతుంటే ఇంకేమంటాడు?"

అప్పటిదాకా ఆ ఖ్రాప్‌లను నమ్మి నేను రాసుకున్న గడువులన్నీ కళ్ళముందు తిరిగాయి.

మూ వెళ్ళడం ఖాయమని చెబితే లిమ్ ఒప్పుకోలేదు. "కెనాట్ లా. జనవరి తర్వాత వెళ్ళమను," అన్నాడు. నేను మూని పిలిచి, వాయిదా వేయడానికి అడ్డమేమిటని సూటిగా అడిగాను.

"అమ్మకు చూపు పోతోంది సార్. నన్ను కాషాయంలో చూడాలని ఆమె కోరిక. సంవత్సరం చివరిదాకా చూపు ఉంటుందని డాక్టరు చెప్పలేనన్నాడు. మీరు వద్దంటే ఆగిపోతాను."

ప్రోగ్రాము ఆగిపోయిందని చెప్పేటప్పుడు నవ్వే నవ్వుతోనే ఆ మాట చెప్పాడు. ఆ నవ్వు వెనక ఇంకా ఏమేమి దాచుకున్నాడోననిపించింది. మళ్ళీ లిమ్ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన "మాక్ రన్ పాడైతే జవాబు చెప్పేది నువ్వే," అన్నాడు. సెలవు మంజూరు చేశాను. వెళ్ళేలోగా మూ తన ప్రోగ్రాములన్నీ నోక్‌కు వివరించి వెళ్ళాడు.

మాక్ రన్ ఉదయం సాఫీగా నడిచింది. భోజనాల వేళకు యంత్రం కొన్ని పాలసీలను తిప్పికొట్టడం మొదలుపెట్టింది. అన్నీ 2000 ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన గడువు తీరేవే. అలాంటి తేదీ లేదంటుంది యంత్రం. నోక్ బృందం ప్రోగ్రాములన్నీ గాలించినా ఎక్కడ తప్పో దొరకలేదు. క్లయింటు ప్రతినిధి గడియారం వైపు చూస్తున్నాడు. మూకి ఫోన్ చేద్దామన్నాను. నోక్ ముఖం పాలిపోయింది.

"సన్యాసికి పని చెప్పకూడదు సార్."

"అడగొచ్చా?"

ఆమె ఆలోచించింది. "అడగొచ్చు. చెప్పడం, మానడం ఆయన ఇష్టం. మీరు మాత్రం మూ అనకండి. లువాంగ్ ఫీ అనండి. పూజ్యులైన అన్నగారని అర్థం."

పందిని పూజ్యులైన అన్నగారూ అని పిలవడానికి నేను సిద్ధపడ్డాను. నోక్ థాయ్‌లాండ్‌లో మూ ఉంటున్న గుడికి ఫోన్ చేసి, పెద్ద భిక్షువు అనుమతి తీసుకుని, స్పీకరు నొక్కింది. అవతల గొంతు వినగానే కుర్చీ వెనక్కి తోసి కార్పెట్ మీద కాళ్ళు వెనక్కి మడిచి కూర్చుని చేతులు జోడించింది. మిగతా థాయ్‌వాళ్ళూ అంతే. తలుపు తీసుకుని వచ్చిన లిమ్, తన ఉద్యోగులు టెలిఫోనుకు దణ్ణం పెడుతుండడం చూసి గుమ్మంలోనే నిలిచిపోయాడు. నాకూ ఏం చేయాలో తోచక కింద కూర్చున్నాను.

గొంతు మూదే. అందులో ఆ చప్పున నవ్వే తీరు లేదు. నిదానంగా అందరి క్షేమం అడిగాడు. నేను సమస్య చెప్పి, తెలిస్తే చెప్పమని వేడుకున్నాను. "లీపు సంవత్సరం అవునో కాదో చూసే చోట, అయిదు వందల నలభై మూడు తీసేశాక చూస్తోందా, ముందే చూస్తోందా?" అన్నాడు.

ఒక ప్రోగ్రాములో ముందే చూస్తోంది. వాళ్ళ 2543 నాలుగుతో భాగించబడదు, మన 2000 భాగించబడుతుంది. రెండు వరసలు తారుమారు చేయగానే పాలసీలు లోపలికి వెళ్ళాయి. భిక్షువు పాళీలో దీవెన చదివాడు. నోక్ నుదురు నేలకు ఆనించింది. సాయంత్రానికి క్లయింటు ప్రతినిధి సంతకం పెట్టాడు.

సెలవు తీరాక మూ ఆఫీసులోకి రాగానే నేను ఉలిక్కిపడి లేచాను. గుండు నాకు కొత్త కాదు. తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళను ఎందరినో చూశాను. అతనికి కనుబొమలు కూడా లేవు. థాయ్ భిక్షువులు వాటినీ గొరిగించుకుంటారట. కాసేపటికి నోక్ గొంతు గదంతా వినిపించింది. లీపు సంవత్సరం సంగతి తనకు సరిగ్గా వివరించలేదని మూని నిలబెట్టి చీవాట్లు పెడుతోంది. మొన్న నేల మీద సాగిలపడింది ఈవిడేనా అని నివ్వెరపోయాను. తర్వాత అడిగితే ఆమెకు నా ప్రశ్నే వింతగా తోచింది. "అప్పుడు సన్యాసి. ఇప్పుడు మూ," అంది.

అమ్మ చూసిందా అని మూని అడిగాను. రంగు తెలిసింది గానీ ముఖం ఆనలేదట. తడిమి చూద్దామంటే భిక్షువును స్త్రీ తాకకూడదు, కన్నతల్లి అయినా సరే. రోజూ తెల్లవారుతూనే వచ్చి, అతని పాత్రలో అన్నం వేసి, చేతులు దగ్గరికి తీసుకుని దూరంగా నిలబడేదట. అతను కాషాయం విడిచిన రోజున మాత్రం రెండు చేతులతో ముఖమంతా తడుముతూ చాలాసేపు వదల్లేదట. ఈ మాటా నవ్వుతూనే చెప్పాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

ఆ డిసెంబరులోగా అసలు మార్పిడి ముగిసింది. ఆ తర్వాత నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఏ దేశం వారితోనైనా, "అవుతుందా?" అని అడగడం మానేశాను. ఎక్కడ మొదలుపెడతావు, ఏది అడ్డం వస్తుంది అని అడిగేవాణ్ణి. వాటికి తలూపి ఊరుకోవడం ఎవరికీ కుదరదు. ఒక ప్రోగ్రామును రాసినవాడు వివరించినంత మాత్రాన రెండోవాడికి వచ్చిందనుకోకుండా, రాసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టి రెండోవాడిచేత నడిపించి చూసేవాణ్ణి. ఎవరైనా నాకు తెలిసిన మాటతో సెలవు అడిగితే, ఆ మాటకు వాళ్ళ ఊళ్ళో అర్థమేమిటో కనుక్కున్నాకే జవాబిచ్చేవాణ్ణి.